సుభద్ర గారి వలందా ఓడ

పోయిన నెలలో మా ఇంటి వెనక డెక్ పీకించాం. అట్లాంటా పక్కన మా కమ్మింగ్‌లో ఏ ఇంటికైనా ఉండేదే, చెక్క పలకలతో వేసిన అరుగు లాంటిది. మాది ఏళ్ల తరబడి వానకి నాని నాని అడుగున మెత్తబడిపోయింది. పనివాళ్లు కింది పలకలు లేపగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు గుప్పుమని కొట్టింది. మా ఆయన ప్రవీణ్ ముక్కు మూసుకుని లోపలికి పరిగెత్తాడు. మా అమ్మాయి మేఘన "యక్, అమ్మా, గ్రోస్!" అంటూ తలుపు వేసేసుకుంది. నేను మాత్రం కాఫీ కప్పుతో అక్కడే నిలబడిపోయాను. లోకంలో అందరికీ మల్లెపూల వాసనకో, తొలకరి మట్టి వాసనకో పాత రోజులు గుర్తొస్తాయి. నా ఖర్మ, నాకు కంపుకి గుర్తొస్తాయి. నా తొలి ఉద్యోగమంతా ఆ కంపులోనే గడిచింది మరి. సముద్రం అడుగున వందల ఏళ్లు నానిన ఓడ చెక్క సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సుభద్ర గారు ఎదురుగా వచ్చి నిలబడతారు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నెత్తిన ముడి, ముడిలో గుచ్చిన పెన్సిలు.

ఆవిడని మీరెవరూ చూసి ఉండరు. జార్జియా తీరంలో, సవానా నుంచి కారులో గంట దూరాన ఒక చిన్న ఊరుంది. అక్కడి మ్యూజియం వాళ్లకి ఒక పాత రొయ్యల గోదాములో ల్యాబ్ ఉండేది. నీళ్లలోంచి తీసిన వస్తువులు పాడవకుండా కాపాడే ల్యాబ్ అది. దానికి పెద్ద ఆవిడే. సొంత ఊరు బందరు, చదివింది కెమిస్ట్రీ. పెళ్లయి ఈ దేశం వచ్చారు, భర్త పోయాక కూడా ఆ ఊరు వదల్లేదు. నేను వరంగల్ నుంచి ఎఫ్ వన్ వీసా మీద వచ్చి మాస్టర్స్ చేశాను. చదువు అయిపోయింది, ఓపీటీ మొదలైంది, అంటే ఆ గడువులోపల ఉద్యోగం దొరక్కపోతే సామాన్లు సర్దుకుని విమానం ఎక్కాల్సిందే. దొరికిన చోటికల్లా అప్లికేషన్లు పంపిస్తే ఈ గోదాము నుంచి పిలుపొచ్చింది. వెళ్తే ఎదురుగా తెలుగావిడ. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరమ్మాయ్?" అన్నారు తల పైకెత్తకుండానే.

"వరంగల్, ఆంటీ."

"ఆంటీ గీంటీ ఇక్కడ కుదరదు. అందరూ సుభద్ర అంటారు, నువ్వూ అను. సముద్రం ఎప్పుడైనా చూశావా?"

"లేదండీ. ఇప్పుడు వస్తుంటే బ్రిడ్జి మీద నుంచి చూసిన. అదే ఫస్ట్ టైమ్."

"బాగుంది సంబడం. సముద్రం మొహం చూడని పిల్లకి ఓడ అప్పగిస్తున్నాను. చెయ్యి కడుక్కుని ఇలా రా."

ఈత కొలనంత తొట్టిలో నీళ్లు, నీళ్లలో నల్లటి దూలాలు. నా చెయ్యి పట్టుకుని ఒక దూలం మీద పెట్టించారు. చూడ్డానికి ఇనుములా ఉంది. వేలితో మెల్లగా నొక్కితే మాత్రం టీలో ముంచిన రస్కులా లోపలికి పోయింది. నేను కెవ్వుమని చెయ్యి లాగేసుకున్నాను. "చూశావా? చెక్కలో ఉన్న సారమంతా పురుగులు తినేశాయి. ఇప్పుడు దీన్ని నిలబెడుతున్నది నీళ్లే. ఆరనిచ్చావా, ముడుచుకుపోయి, పగిలి, పొడై కూర్చుంటుంది" అన్నారు. మంచినీళ్లు మారుస్తూ మారుస్తూ ముందు ఉప్పు దింపాలి. ఆ తరవాత నీటి చోటులోకి మైనం లాంటి మందు ఎక్కించాలి. అదంతా ఏళ్ల పని. మొదలుపెట్టినవాళ్లు పూర్తవడం చూస్తారన్న గ్యారంటీ లేదు. పేరు పెట్టి పిలవడం మాత్రం నాకు చచ్చినా నోరు రాలేదు. చివరిదాకా సుభద్ర గారూ అనే పిలిచాను, ఆవిడ విసుక్కుంటూనే పలికారు.

ఆ ఓడ కథ చెప్పాలి. ఒక పెద్ద గాలివానకి తీరంలో ఇసుక కొట్టుకుపోయి ఓడ అడుగు భాగం బయటపడింది. ఊరి జనం చూసిన రోజే తీర్పు చెప్పేశారు, ఇది సముద్రపు దొంగల ఓడ అని. ఇక ఊరంతా పుర్రె బొమ్మ జెండాలే. బర్గర్ల కొట్టుకి దొంగ పేరు, ఐస్‌క్రీముకి దొంగ పేరు, పిల్లలందరికీ కంటి మీద నల్ల గుడ్డ. సుభద్ర గారికి ఆ జెండాలు కనిపిస్తే ఒళ్లు మండేది. "దొంగ వెధవ ఎవడైనా ఇటుకలు మోసుకు తిరుగుతాడుటే?" అనేవారు. ఓడ కడుపులో దొరికినవి చిన్న చిన్న పసుపు ఇటుకలు. హాలండులో కాల్చినవి. ఓడ తూలకుండా అడుగున బరువుకీ అవే, దీవుల్లో ఇళ్లు కట్టుకోవడానికీ అవేనట. వాటితోపాటు పొగాకు కూరి పీల్చే పొడుగాటి మట్టి గొట్టాలు, ఒక ఇనప బాన ముక్క దొరికాయి. ఆవిడ లెక్కలో ఇది డచ్చివాళ్ల మామూలు సరుకు ఓడ. కరీబియన్ దీవుల్లో వాళ్ల కొట్లకి సరుకు దింపి, చక్కెర ఎక్కించుకుపోయే రకం. గాలికి దారి తప్పి ఈ తీరం ఇసుక మేటల మీద ఎక్కి విరిగింది.

డచ్చివాళ్లు అనరు ఆవిడ, వలందా వాళ్లు అనేవారు. బందరులో పాతకాలం మాట అది. అక్కడ వలందపాలెం అని ఒక పేటే ఉందిట, ఆవిడ పుట్టింది ఆ పేటలోనే. చిన్నప్పుడు వలందా వాళ్ల గోరీల మీద కూర్చుని జామకాయలు తిన్నారట. "ఆ రాళ్ల మీద చెక్కిన అక్షరాలు వేలితో దిద్దుతూ పెరిగాను. ఏం రాసుందో ఒక్క ముక్క తెలీదు. ఎందుకొచ్చారు నాన్నా వీళ్లు అంటే, మన గుడ్డల కోసం అనేవారు మా నాన్న. బందరు అద్దకం గుడ్డ హాలండుకి వెళ్లేది, అక్కడినుంచి ఈ దీవులకి. దీని కడుపులో మా ఊరి గుడ్డ ఉండి ఉంటుందే అమ్మాయ్. నా మనసు చెప్తోంది." అలా మురిసిపోతూనే మరుక్షణం మొహం గంటు పెట్టుకునేవారు. "గుడ్డలొక్కటే కాదు, కరువొచ్చినప్పుడు మన మనుషుల్ని కూడా కొని ఎక్కించుకుపోయారు. ఓడని ప్రేమించు, ఓనర్ని కాదు." ఆ మాట ఎన్నిసార్లు అన్నారో.

పొద్దున్నే నేను గోదాములో అడుగు పెట్టగానే ఆవిడ మొదటి ప్రశ్న, "కల్లాపి అయిందా?" అని. తొట్టిలో పట్టని దూలాలు బల్లల మీద ఉండేవి. వాటిమీద తడిగుడ్డలు కప్పి, వాకిట్లో కల్లాపి చల్లినట్టు పూటపూటా నీళ్లు చల్లాలి. ఆ తడిగుడ్డలు ఏమిటనుకున్నారు? పాత నేత చీరలు! మెత్తబడ్డ నేత చీర పట్టుకున్నంత నీరు ఈ దేశంలో అమ్మే ఏ గుడ్డా పట్టదని ఆవిడ వాదన, అది నిజం కూడా. అట్లాంటా వెళ్లినప్పుడల్లా తెలుగువాళ్ల ఇళ్ల మీద పడి, సూట్‌కేసుల అడుగున మగ్గుతున్న చీరలు అడిగి తెచ్చేవారు. ఒకటే షరతు, తెల్ల చీరలే కావాలి, రంగు పనికిరాదు. ఎన్నోసార్లు ఉడకబెట్టి గాని వాడేవాళ్లం కాదు. ఒకసారి కొడుకు దగ్గరికి ఆర్నెల్లకి వచ్చిన ఒక పెద్దావిడ తన చీర ఏమయిందో చూద్దామని గోదాముకి వచ్చి ముక్కున వేలేసుకుంది. "చోద్యం కాకపోతే, ఓడకి చీరలు కడతారా? దీనికేమైనా నెలలు నిండాయా ఏవిటి?" అంది. సుభద్ర గారు పకపకా నవ్వి, "అంతే అనుకోండి వదిన గారూ, పురుడు మాత్రం నా చేతిలో లేదు" అన్నారు.

ఆ ఏడు వేసవి చివర్లో తుఫాను వచ్చింది. గాలి పోయింది, కరెంటు పోయింది, దాంతోపాటు పంపులూ ఆగాయి. అన్నిటికంటే పెద్ద దూలం, ఓడకి వెన్నెముక లాంటిది, కొలతల కోసమని సరిగ్గా ఆ వారమే తొట్టిలోంచి తీసి బల్లమీద పెట్టాం. మర్నాటి ఎండ చూడాలి, గోదాము పొయ్యి మీద పెనంలా కాలిపోయింది. దూలం చివర్లు తెల్లబడటం మొదలైంది, అంటే ఆరిపోతోందన్నమాట. డ్రమ్ముల్లో పట్టిన వాన నీళ్లు బకెట్లతో మోస్తున్నాం, గుడ్డలు చాల్లేదు. సుభద్ర గారు కారు వేసుకుని ఇంటికెళ్లి, పెట్టెలు బోర్లించి తెచ్చారు. దుప్పట్లు, తువ్వాళ్లు, కిటికీ తెరలు, ఆవిడ చీరలు, ఒకటేమిటి. "చూస్తావేం, ముందు కప్పు!" అని అరిచారు. కప్పాం. సాయంత్రానికి దూలం మళ్లీ నల్లబడింది. ఇద్దరం నేలమీద కూలబడి, ఒకే ఆపిల్ పండు చెరిసగం తిన్నాం. ఆ పూట ఆవిడ నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు, "పరవాలేదు, పనికొస్తావు" అని.

చలికాలం వెళ్లాక ఆ దూలానికి అంటుకుని ఉన్న పలక విప్పుతుంటే సందులో ఎర్రటి పోగు కనిపించింది. వెంట్రుకంత. ఒక పెద్ద యూనివర్సిటీకి పంపించాం. వయసు తేల్చే పరీక్షకి పోగు చాలదన్నారు గానీ, ఇది నూలని, రంగు వేరు నుంచి తీసినదని, భారతదేశపు తూర్పు తీరంలో అద్దకానికి వాడే రంగేనని చెప్పారు. సుభద్ర గారు ఫోన్ పెట్టేసి, ఆ రబ్బరు బూట్లతోనే గోదాములో గిర్రున తిరిగారు. బందరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి ఏడ్చారు, నవ్వారు. మా మ్యూజియం డైరెక్టరు జెర్రీ అయితే నేలమీద నడవడం మానేశాడు. దొంగల ఓడ కంటే, ఇండియా గుడ్డ మోసిన ఓడ అంటే పేపర్లకి మోజు. ఒక ధనవంతుల కుటుంబం ముందుకొచ్చింది, కొత్త భవనం కట్టిస్తాం, ఓడకి మందు ఎక్కించే ఖర్చంతా మాదే అన్నారు. అప్పటిదాకా ల్యాబ్ నెలనెలా గండం గడుస్తూ బతుకుతోంది. "నీ హెచ్ వన్ వీసా ఫైల్ చేసేస్తాం, డోంట్ వర్రీ" అన్నాడు జెర్రీ నాతో. నేను ఇంటికి ఫోన్ చేస్తే, మా అమ్మ భద్రకాళి గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

దాతలతో సభ ఇక రేపనగా, పొద్దున్నే సుభద్ర గారు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నారు. కల్లాపి సంగతి అడగలేదు. "అమ్మాయ్, ఈ రెండూ చూసి చెప్పు" అన్నారు. రెండు గాజు పలకలు, వాటి మీద ఏమీ రాసిలేదు. ఆవిడ పద్ధతి అదే. ఏది ఏదో ముందే చెబితే కన్ను మనసు చెప్పినట్టు చూస్తుందని, పేర్లు లేకుండా చూపించేవారు. చూశాను. అదే ఎరుపు, అదే మెలిక, అదే మందం.

"రెండూ ఒకటే కదండీ! ఇంకో పోగు దొరికిందా?" అన్నాను సంతోషంగా.

"బాగా చూశావా?"

"సేమ్ టు సేమ్. కావాలంటే రాసిస్త."

ఆవిడ బల్ల కింద నుంచి ఒక చీర తీశారు. వెలిసిపోయిన పాత చీర, ఎర్ర అద్దకం అంచు. "ఒకటి ఓడ సందులోది. రెండోది దీనిది. మా అమ్మ చీర. తుఫాను రోజు తెచ్చిన మూటలో ఇదీ ఉంది. కప్పాను కాబోలు. ఇవాళ గుడ్డలు పిండుతుంటే తెల్ల పళ్లెంలో ఎర్ర పోగు రాలింది."

నీరు కారిపోయి స్టూలు మీద కూర్చున్నాను. ఆ తరవాత ఒళ్లు మండింది. "ఒకటే లెక్క ఉంటే ఒకటే అయిపోతదా? వందల ఏళ్ల కిందటి పోగు కూడ గట్లనే ఉండొచ్చు కదా! మళ్లీ టెస్ట్ చేయిద్దాం. సభ అయినాక చెప్పొచ్చు" అన్నాను.

"ఉండొచ్చు. ఉండొచ్చు అని నాకూ ఉంది, నీకంటే ఎక్కువ ఉంది. కానీ ఉంది అని చెప్పాం కదే మనం."

"మీకేం, మీకు సిటిజన్‌షిప్ ఉంది. నేను ఏడికి పోవాలె?" అనేశాను. అన్నాక నాకే ఏడుపొచ్చింది.

ఆవిడకి కోపం రాలేదు. నా పక్కన మరో స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నీ కోపంలో న్యాయం ఉంది, కాదనను. నీ సంగతి నాకు వదిలెయ్, కాళ్లు పట్టుకునైనా చూస్తాను. కానీ ఒక్కటి విను. జవాబు వేరేది వచ్చి ఉంటే ఆ పోగు ఎక్కడిదని పదిసార్లు వెతికేదాన్ని. నాకు కావలసిన జవాబొచ్చింది, వెతకడం మానేశాను. పోగు చీరలోంచి రావడం పొరపాటు. వెతకడం మానెయ్యడం తప్పు. ఆ తప్పు నాది" అన్నారు.

మర్నాడు సభలో ఆవిడ ఆ చీర పట్టుకునే వెళ్లారు. ఊరి పెద్దలు, దాతలు, పేపరువాళ్లు, జెర్రీ అందరూ ఉన్నారు. బల్లమీద చీర పరిచి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఒక్క మాట మెత్తగా చెయ్యలేదు, ఒక్క మాట వేరొకరి మీదికి నెట్టలేదు. కప్పింది మేమిద్దరమే అయినా "నేను కప్పాను" అనే చెప్పారు. వెనకనుంచి బర్గర్ల కొట్టు ఆయన లేచి, "అయితే దొంగల ఓడే అన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వేశారు. ఆవిడా నవ్వారు. నేను మాత్రం వాడిని కొరికేసేలా చూశాను. దాతలు మర్యాదస్థులు, చెయ్యి కలిపి, తరవాత మాట్లాడదాం అని వెళ్లారు. ఆ తరవాత అన్నది ఎప్పుడూ రాలేదు. ఇతర ల్యాబుల వాళ్లు సలహాకి ఆవిడని పిలవడమూ మెల్లగా మానేశారు.

డబ్బు లేనప్పుడు అలాంటి ఓడకి ఉన్న దారి ఒక్కటే. గాలి తగలని చోట, నీటి కింద, ఇసుకలో మళ్లీ పూడ్చిపెట్టడం. అక్కడ చెక్క క్షేమంగా ఉంటుంది, ఎప్పుడో ఎవరో తీసేదాకా. ఓడ దొరికిన తీరానికి కాస్త అవతల గొయ్యి తవ్వించారు. దూలాలు ఒక్కొక్కటే పట్టీలతో దించుతుంటే నడుము లోతు నీళ్లలో ఆవిడ ఒక చివర, నేను ఒక చివర. వెన్ను దూలం వంతు వచ్చేసరికి ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"మీకు బాధగా లేదా?" అని అడిగాను, నా తెలివితక్కువతనం కాకపోతే.

"లేకేం? ఏడుస్తున్నాను కనబడట్లా? ఏడుస్తూనే పట్టుకోవాలి. జాగ్రత్త, నీ చివర పైకి లేస్తోంది" అన్నారు.

ఆ వారమే అట్లాంటా పక్క ఆల్ఫరెటాలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, స్పీకరు పెట్టి నాకు వినిపించారు. "నా ల్యాబ్‌లో జరిగిన తప్పు గురించి మీరు వినే ఉంటారు. ఆ పోగులు రెండూ ఒకటేనని ముందు చెప్పింది ఈ అమ్మాయే. ఏది ఏదో తెలియకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అలాంటి కళ్లు మీకు కావాలా?" అన్నారు. తన పరువు పోయిన కథనే నాకు సిఫారసుగా వాడారు మహాతల్లి. ఆ ఉద్యోగమే నన్ను ఈ దేశంలో నిలబెట్టింది. ఇప్పుడు అదే ల్యాబ్‌లో నా కింద ఒక జట్టు పనిచేస్తోంది. ఫలితం మరీ బాగుందని ఎవరైనా ఎగురుకుంటూ వస్తే, ముందు మీ గ్లవ్స్, మీ గిన్నెలు చూసుకుని రండి అంటాను. వెనకాల నన్ను ఏమని తిట్టుకుంటారో నాకు తెలుసు.

సుభద్ర గారు పోయి కొన్నేళ్లయింది. చివరిదాకా ఆ ఊళ్లోనే ఉన్నారు. నేను వెళ్లినప్పుడల్లా చేపల పులుసు వండి పెట్టి, నా యాసని వెక్కిరించి పంపేవారు. పోయిన వేసవిలో మేఘనని ఆ తీరానికి తీసుకెళ్లాను. అక్కడ గుర్తు రాయి లేదు, బోర్డు లేదు. ఇసుక, నీళ్లు, దూరంగా కొట్ల మీద నల్ల జెండాలు. దీని కింద ఒక ఓడ ఉందని చెబితే నా కూతురి కళ్లు ఇంతింతలయ్యాయి.

"పైరేట్ షిప్పా?"

"కాదు బిడ్డా. సరుకులు మోసే మామూలు ఓడ."

"లోపల ఏం ఉన్నాయి?"

"ఇటుకలు. పొగ గొట్టాలు."

"మన ఇండియా స్టఫ్ ఉందా, అమ్మా? సుభద్రా అమ్మమ్మ ఊరు స్టఫ్?"

అవును అంటే ఎవరికి నష్టం? వినేది నా కూతురొక్కతే, చుట్టూ ఇసుక తప్ప ఎవరూ లేరు. ఆ ఒక్క మాట నిజం కావాలని ఆవిడ బతుకంతా కోరుకున్నారు, ఆవిడ కోసం నేనూ కోరుకున్నాను. ఇప్పటికీ కోరుకుంటున్నాను. అవును అందామని నోరు తెరిచాను కూడా.

"ఉందో లేదో మాకు తెలియలేదు బిడ్డా" అన్నాను. "ఉండాలని మాత్రం చాలా ఆశపడ్డాం."